మొదటి సూదితో పాటే రెండో మందు సంగతి చెప్పండి

ఉత్తర తెలంగాణలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వైద్యం చేస్తున్న యూరాలజీ, క్యాన్సర్ వైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల నుంచి, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిన తర్వాత మీ గడప తొక్కే మగవాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. 31 సంవత్సరాలు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైన వాణ్ని. మా అన్న ఈ జబ్బుతోనే పోయాడు. ఆ మూడేళ్లలో కళ్లారా చూసిన దాన్ని, ఆ తర్వాత చదివి తెలుసుకున్న దాన్ని కలిపి మీ ముందు ఒకే ఒక్క విన్నపం పెడుతున్నాను. జబ్బు పాకిందని తేలిన రోజునే, మగ హార్మోనును అణిచే సూది రాసేటప్పుడే, దానికి జోడించవలసిన రెండో మందు గురించి, అవసరమైతే మూడో మందు గురించి రోగికీ ఇంటివాళ్లకూ చెప్పండి. సూది పనిచేయడం మానేశాక చూద్దామని ఆ మాటను వాయిదా వేయకండి.

మా అన్నది పరకాల దగ్గర పల్లె. పత్తి, మిర్చి పండించేవాడు. 2019 వానకాలంలో ఒంటేలు బందై, పైపు వేయించుకుని వచ్చినప్పుడు, ప్రోస్టేట్ జబ్బు ఎంత ఉన్నదో చెప్పే రక్తపరీక్ష పీఎస్‌ఏ 212 ఉన్నది. బోన్ స్కాన్‌లో వెన్నుపూసలు, తుంటి, రెండు పక్కటెముకలు నల్లగా కనిపించాయి. మూడు నెలలకొకసారి వేసే సూది మొదలుపెట్టారు. ఇంట్లో నడిమి అర్రలో, ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన లెక్కలు బొగ్గుతో రాసుకునే గోడ మీదనే ఆయన పీఎస్‌ఏ అంకెలు కూడా రాసుకునేవాడు. 212 కింద 1.4, దాని కింద 0.9. ఆ 0.9 చుట్టూ సున్నా చుట్టి, "తమ్మీ, దిగింది, ఇగ భయం లేదు" అన్నాడు. నేను కూడా సంతోషపడ్డాను. ఇంకో ఏడాదికి ఆ గోడ మీద 3, 11, 47 అని వరుసగా ఎక్కాయి. అప్పుడుగానీ మాకు రెండో మందు పేరు వినిపించలేదు. అప్పటికి ఆయన కర్ర లేకుండా బాయి దగ్గరికి పోలేని స్థితికి వచ్చాడు.

మొదటి రోజు ఎవరూ మమ్మల్ని మోసం చేయలేదు. సూది సరైన సూదే, వేసిన డాక్టరు మంచి మనిషే. నా బాధంతా చెప్పకుండా మిగిలిపోయిన ఆ ఒక్క మాట గురించే.

హార్మోను ఆపితే ప్రోస్టేట్ క్యాన్సర్ ముడుచుకుంటుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లోనే చూపించాడు. ఆ పనికి ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటి నుంచి దాదాపు డెబ్బై ఏళ్లు వైద్యం ఆ ఒక్క దారిలోనే నడిచింది. వృషణాలు తీసేయడమో, సూదితో వాటిని నిద్రపుచ్చడమో చేసి, జబ్బు మళ్లీ తల ఎత్తేదాకా ఆగేవారు. కానీ మగ హార్మోను వృషణాల నుంచి మాత్రమే రాదు. కిడ్నీల మీద టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కొంత ఇస్తాయి, ముదిరిన గడ్డ తనకు కావలసినది తానే తయారు చేసుకోవడం నేర్చుకుంటుంది. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు తెలిసిన వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కింది చెరువు తూము ఎంత గట్టిగా మూసినా, పై చెరువు అలుగు పోస్తుంటే కాలువ ఎండదు. అబిరాటెరాన్ ఆ పైనుంచి వచ్చే నీటిని, అంటే హార్మోను తయారీకి అవసరమైన ఎంజైమును ఆపుతుంది. ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్, డారోలుటమైడ్ అనేవి వచ్చిన హార్మోను కణంలో పనిచేయకుండా అడ్డుపడతాయి. డోసెటాక్సెల్ కీమో అయితే హార్మోనుతో సంబంధం లేకుండా విభజన చెందే కణం మీదికే పోతుంది. మూడింటివీ మూడు దారులు కాబట్టే వీటిని కలపడంలో అర్థం ఉన్నది.

ఈ మందులు మొదట, సూది విఫలమైన వాళ్లకే వచ్చాయి. డోసెటాక్సెల్ 2004లో, అబిరాటెరాన్ 2011లో, ఎంజాలుటమైడ్ 2012లో ఆ దశకు అనుమతి పొందాయి. అందుకే "ముందు సూది, తర్వాత మిగతావి" అనే అలవాటు మన దగ్గర స్థిరపడి ఉంటుందని అనుకుంటాను. కానీ 2015లో వెలువడిన చార్టెడ్ అనే మందుల పరీక్షలో (క్లినికల్ ట్రయల్‌లో), సూదితో పాటు మొదట్లోనే ఆరు విడతల డోసెటాక్సెల్ ఇచ్చినవాళ్లు మధ్యస్థంగా 57.6 నెలలు బతికారు, సూది ఒక్కటే తీసుకున్నవాళ్లు 44 నెలలు బతికారు. ఆ లాభం జబ్బు ఎక్కువ చోట్లకు పాకినవాళ్లలో స్పష్టంగా కనిపించింది. 2017లో లాటిట్యూడ్, స్టాంపీడ్ అనే రెండు పెద్ద పరీక్షలు అబిరాటెరాన్ విషయంలోనూ అదే చెప్పాయి. లాటిట్యూడ్ చివరి లెక్కలో అబిరాటెరాన్ జోడించినవాళ్లకు 53.3 నెలలు, జోడించనివాళ్లకు 36.5 నెలలు అని తేలింది. దాదాపు ఏడాదిన్నర తేడా. పెళ్లీడుకొచ్చిన కూతురున్న ఇంట్లో ఏడాదిన్నర అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? 2022లో అరాసెన్స్ పరీక్ష, 1300 మందికి పైగా రోగుల్లో, సూదికీ డోసెటాక్సెల్‌కూ డారోలుటమైడ్‌ను కూడా జోడిస్తే మరణ ప్రమాదం సుమారు 32 శాతం తగ్గిందని చూపింది. అదే ఏడాది ప్రచురితమైన పీస్-1 పరీక్ష అబిరాటెరాన్‌తో అలాంటి మూడింటి కలయికనే సమర్థించింది. ఇవేవీ ఇప్పుడు ప్రయోగాలు కావు. రుజువైన వైద్యం. మా అన్నకు మొదటి సూది పడేనాటికి వీటిలో రెండు రుజువై ఉన్నాయి.

మీరు చెప్పకపోవడానికి కారణాలు ఉంటాయని నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషికి డెబ్బై ఏళ్లు, షుగరు, గుండె జబ్బు. పక్కన ఉన్న కొడుకు చేతిలో ఆసుపత్రి ఖర్చుకు తెచ్చిన మిత్తి పైసలు. ఓపీలో బయట ఎనభై మంది. కీమో వేసుకున్న వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోయి జ్వరం వస్తే, అర్ధరాత్రి ఏటూరునాగారం నుంచి ఆ మనిషిని ఎవరు తెస్తారు, ఏ ఆసుపత్రి చేర్చుకుంటుంది అనే భయం మీకు ఉంటుంది, ఉండాలి కూడా. "వీళ్లు కొనలేరులే, చెప్పి బాధపెట్టడం ఎందుకు" అన్న జాలి కూడా ఉంటుంది. ఆ జాలినే నేను మానుకోమంటున్నాను. కొనగలమా లేదా అన్నది ఆ ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకోవలసిన లెక్క. మాకు 2019లో చెప్పి ఉంటే ఏం చేసేవాళ్లమో నాకు స్పష్టంగా తెలుసు, ఎందుకంటే మూడేళ్ల తర్వాత, ఫలితం లేని చోట, అంతకంటే ఎక్కువే ఖర్చు పెట్టాం.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి మందుల బల్ల వెనక నిలబడ్డవాడిగా రెండు సంగతులు చెబుతాను. మూడు నెలలకొక సూది జీవితాంతం కొనడానికి బదులు వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది. హార్మోను తగ్గించడంలో అది సూదికి ఏమాత్రం తీసిపోదు. ఆ ఆపరేషన్ పేరు చెబితేనే మన దగ్గర మగవాళ్లు ముఖం తిప్పుకుంటారు, అది సహజం. కానీ అలా మిగిలే సూది డబ్బు రెండో మందుకు పెట్టుకోవచ్చన్న లెక్క వాళ్ల ముందు పెట్టిన తర్వాత నిర్ణయం వాళ్లకు వదిలేయాలి. దేశీ కంపెనీల అబిరాటెరాన్ గోళీలు వచ్చాక ధర కూడా మొదట్లో ఉన్నంత లేదు.

రెండో సంగతి తిండికి సంబంధించినది. అబిరాటెరాన్ పూర్తి మోతాదు రోజుకు 1000 మిల్లీగ్రాములు, అంటే 250 మిల్లీగ్రాముల గోళీలు నాలుగు, పరగడుపునే వేసుకోవాలి. ఎందుకంటే కొవ్వు తక్కువ ఉన్న తిండితో వేసుకుంటే రక్తంలోకి చేరే మందు దాదాపు 5 రెట్లు, కొవ్వు ఎక్కువ ఉన్న తిండితో అయితే దాదాపు 10 రెట్లు పెరుగుతుంది. మన ఇళ్లలో దీని అర్థం ఏమిటంటే, ఇడ్లీ తిన్న రోజూ, నూనె పోసి కాల్చిన సర్వపిండి తిన్న రోజూ ఒకే గోళీ ఒకే మందుగా ఉండదు. ఈ గుణాన్నే ఆధారం చేసుకుని, కొవ్వు తక్కువ ఉన్న పొద్దటి తిండితో ఒక్క 250 గోళీ ఇచ్చి చూసిన పరీక్ష 2018లో ప్రచురితమైంది. పీఎస్‌ఏ తగ్గించడంలో అది పరగడుపు నాలుగు గోళీలకు తీసిపోలేదు. అయితే అందులో ఉన్నది 72 మందే, కొలిచింది పీఎస్‌ఏనే, ఎంతకాలం బతికారన్నది కాదు. కాబట్టి దీన్ని పూర్తి మోతాదుకు సమానమని రోగికి చెప్పకూడదు. కానీ నాలుగు గోళీలు కొనలేక అసలు మందే మానేయబోతున్న మనిషికి ఈ దారి ఒకటి ఉన్నదని, దాని పరిమితి ఇదని చెప్పడం న్యాయం. ఏ మోతాదైనా, దానితో ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ గోళీ మానకూడదనీ, బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు తప్పకూడదనీ చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వండి. తనకు బాగానే ఉందని స్టెరాయిడ్ గోళీని సొంతంగా ఆపేసి, కాళ్ల వాపుతో వచ్చినవాళ్లను నా బల్ల ముందు చూశాను.

కలపడం మంచిదంటున్నానంటే ఏది పడితే అది కలపమని కాదు. ఎముకల్లోకి చేరి రేడియేషన్ వదిలే రేడియం-223 సూదిని అబిరాటెరాన్‌తో కలిపి చూసిన పరీక్షలో ఎముకలు విరగడం 29 శాతం మందిలో కనిపించింది, రేడియం లేనివాళ్లలో అది 11 శాతమే. ఆ పరీక్ష వివరాలను 2017లో ముందుగానే బయటపెట్టాల్సి వచ్చింది. అబిరాటెరాన్, ఎంజాలుటమైడ్ రెండూ ఒకేసారి ఇస్తే ఇంకా మేలు కదా అనిపిస్తుంది. ఇచ్చి చూశారు, ఆయుష్షు అదనంగా పెరగలేదు, దుష్ప్రభావాలు పెరిగాయి. నేను వేల మందికి అందించిన చవకైన మెట్‌ఫార్మిన్‌ను కూడా స్టాంపీడ్ వాళ్లు జోడించి చూశారు. 2024లో ఫలితం చెప్పినప్పుడు నేను ఆశగా చదివాను. ఆయుష్షు పెరిగినట్టు రుజువు కాలేదు, బరువు, చక్కెర వంటి సమస్యలు మాత్రం తగ్గాయి. నిరాశపడ్డాను గానీ, ఆ నిజాయితీ నాకు నచ్చింది. బ్రిటన్‌లో 2005లో మొదలై, దాదాపు పన్నెండు వేల మందిని చేర్చుకుని, ఒక మందు పనికిరాదని తేలితే దాన్ని పక్కకు తీసి ఇంకో మందును లోపలికి తెచ్చుకుంటూ నడిచిన పరీక్ష అది. పాత, చవక మందులను కూడా వదలకుండా పరీక్షించింది. మనకు కావలసినది అలాంటి ప్రయోగం.

మా అన్నకు దొరికింది వేరే రకం. 2022లో, నడుము కింద తిమ్మిర్లు మొదలయ్యాక, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "కొత్త ఇమ్యునోథెరపీ వచ్చింది, రిజల్ట్ బాగుంది" అని చెప్పి రెండు డోసులు వేశారు. ఒంటి రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి ఉసిగొల్పే ఆ మందుకు సరిపోయే లక్షణం గడ్డలో ఉన్నదా అన్న పరీక్ష చేయలేదు. అది రుజువైన వైద్యమా, పరీక్షలో ఉన్నదా అని అడిగితే, చదువుకున్నవాడివి నీకు తెలియదా అన్నారు. ఎకరం చెల్క అమ్మి తెచ్చిన డబ్బు ఆ రెండు డోసులకు చాలింది. తర్వాత నేను చదివితే తెలిసింది, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఆ తరహా మందులు కొద్ది శాతం మందికే, అదీ గడ్డలో ప్రత్యేకమైన జన్యు లోపం ఉన్నవాళ్లకే పనికొస్తాయని. ఎంజాలుటమైడ్‌తో కలిపి చేసిన పెద్ద పరీక్షలో కూడా మేలు చూపలేకపోయాయి. ఆ ఆసుపత్రి మీద కోపం తీర్చుకోవడానికి ఇది రాయడం లేదు. రోగి ఆశ పడతాడు, ఆ ఆశకు కాపలా ఉండవలసింది వైద్యుడే అన్నందుకు రాస్తున్నాను.

లుటీషియం-177 పీఎస్ఎంఏ సంగతి వేరు. అది రుజువు ఉన్న మందు. క్యాన్సర్ కణం పైపొర మీది పీఎస్ఎంఏ అనే ప్రొటీనును వెతికి పట్టుకుని, అక్కడే రేడియేషన్ వదిలే సూది. 831 మందితో చేసిన విజన్ పరీక్షలో, హార్మోను గోళీలు, కీమో రెండూ అయిపోయినవాళ్లలో ఆయుష్షు 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెరిగింది. 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. లుటీషియంను మన దేశంలోనే భాభా అణు పరిశోధన కేంద్రం తయారు చేస్తోంది, ఇది మనకు పెద్ద బలం. నోరు ఎండిపోవడం, రక్తకణాలు తగ్గడం దాని ఇబ్బందులు. పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో గడ్డలు వెలగనివాళ్లకు అది దండగ. సూది విఫలమైనవాళ్లకు దీన్ని ఎంజాలుటమైడ్‌తో ముందే కలిపి ఇస్తే ఎలా ఉంటుందని ఆస్ట్రేలియాలో 162 మందితో చేసిన పరీక్షలో పీఎస్‌ఏ మళ్లీ ఎక్కడానికి పట్టిన కాలం 7.8 నెలల నుంచి 13 నెలలకు పెరిగింది. ఆశ పుట్టించే ఫలితమే గానీ చిన్న పరీక్ష. ఇదే తేడాను రోగికి చెప్పమంటున్నాను. ఇది రుజువైనది, ఇది ఆశ ఉన్నది, ఇది ఇంకా తెలియనిది అని మూడు మాటలుగా విడదీసి చెప్తే, చదువురాని రైతుకు కూడా అర్థమవుతుంది. విత్తన సంచి మీద లేబుల్ చూసి కొనడం అతనికి అలవాటే.

పరీక్షలో చేరమని అడిగినప్పుడు మన జిల్లాల్లో ఒక భయం ఎదురవుతుంది. అది ఊరికే పుట్టింది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో, తల్లిదండ్రులకు బదులు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్నారని తర్వాత బయటపడింది. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు, పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దాన్ని తప్పుపట్టింది. టీకా మంచిదే. అనుమతి తీసుకున్న తీరు చెడ్డది. ఆ తీరు వల్ల ఇవాళ్టికీ "మన మీద ప్రయోగం చేస్తరట" అన్న మాట ఊర్లలో వినపడుతుంది. ఇప్పుడు 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఉన్నాయి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని ఉన్నది. 2009 నుంచి ప్రతి పరీక్షనూ జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. కాబట్టి ఏ రోగికైనా పరీక్ష మాట చెప్పినప్పుడు ఆ రిజిస్ట్రీ నంబరు, పరీక్షకు అనుమతిచ్చిన నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) పేరు, డబ్బు ఎవరు పెడతారు, మధ్యలో తప్పుకుంటే మామూలు వైద్యం ఆగుతుందా అన్నవి తెలుగు కాగితం మీద ఇచ్చి, ఇంటికి తీసుకుపోయి రెండు రోజులు ఆలోచించుకోనివ్వండి. ఆ నంబరు లేకుండా డబ్బు తీసుకుని వేసేదాన్ని ప్రయోగం అనకూడదు, వైద్యం అని కూడా అనకూడదు.

ఇంకో విషయం మా ఇంటికే వదిలేయలేక చెబుతున్నాను. మా పెద్దక్క 46 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ప్రతి కొత్త ఫైలులో అన్న వయసు, ఊరు, బీపీ రాశారు గానీ, ఇంట్లో ఆడవాళ్లకు క్యాన్సర్ ఉన్నదా అని మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు. జబ్బు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో దాదాపు 12 శాతం మందికి డీఎన్ఏను మరమ్మతు చేసే జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుందని 692 మందితో చేసిన అధ్యయనం 2016లోనే చెప్పింది. వాటిలో రొమ్ము క్యాన్సర్‌తోనూ సంబంధం ఉన్న బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం ఉన్నవాళ్లకు ఒలాపరిబ్ గోళీ పనికొస్తుంది. అమెరికాలో 2020 నుంచి అది ఒంటరిగా, 2023 నుంచి అబిరాటెరాన్‌తో కలిపి కూడా వాడుకలో ఉన్నది. మందు సంగతి అటుంచి, ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అన్న కూతుళ్లిద్దరికీ పరీక్ష ముందే చేయించేవాళ్లం. ఇప్పుడు చేయిస్తున్నాం.

మీలో చాలామంది ఒంటరిగా పనిచేస్తున్నారు. సూది యూరాలజిస్టు రాస్తారు, కీమో క్యాన్సర్ డాక్టరు రాస్తారు, ఇద్దరి మధ్య రోగి ప్లాస్టిక్ కవరులో ఫైళ్లు పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతాడు. వారానికి ఒక్కసారి, ఒక గంట, కొత్తగా తేలిన పాకిన కేసులను యూరాలజిస్టు, క్యాన్సర్ డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి చూడగలిగితే ఆ బస్సు ప్రయాణాలు సగం తగ్గుతాయి. వీడియోలో అయినా సరే. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఇక్కడ ఉన్నది, ఆరోగ్య విశ్వవిద్యాలయం మన ఊర్లోనే ఉన్నది. తిండితో వేసే తక్కువ మోతాదు గోళీ మన జొన్నరొట్టెతో, మన మనుషుల్లో ఆయుష్షు విషయంలోనూ పూర్తి మోతాదుకు తీసిపోదా అన్న ప్రశ్నకు జవాబు వెతకవలసిన చోటు వరంగల్ కాకపోతే ఇంకెక్కడ? ఏ కంపెనీకీ ఆ పరీక్ష చేయించే అవసరం ఉండదు. ఇంతమంది రోగులున్న మీకు ఉంటుంది. అలాంటి పరీక్ష మీరు మొదలుపెడితే, ఊరూరా తిరిగి దాని గురించి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

మొదటి రోజు రోగి చేతిలో పెట్టడానికి ఒక పేజీ కాగితం తెలుగులో తయారు చేశాను. సూది లేదా ఆపరేషన్, దానికి తోడుగా ఇవ్వదగిన మందులు, ఏది ఎవరికి సరిపోతుంది, ఏ పరీక్షలు ఎప్పుడు, జ్వరం వస్తే, కాళ్లు సచ్చుబడితే, ఒంటేలు ఆగితే ఆ రాత్రే ఎక్కడికి పోవాలి అన్నవి పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఫోన్ నంబరు రాయవలసిన చోట ఖాళీ వదిలాను. వచ్చే సోమవారం నుంచి మీ ఓపీలకు ఒక్కో ప్రతి తెచ్చి ఇస్తాను. మందుల వాడిగా నేను రాసినదాంట్లో తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్దండి, ఆ ఖాళీలో రాత్రిపూట ఎత్తే నంబరు ఒకటి రాయండి. దిద్దిన ప్రతిని అచ్చు వేయించే ఖర్చు మా వదిన పెట్టుకుంటానన్నది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
హనుమకొండ